ఆ ఎలుక ఎవరి బిడ్డో అడిగారా?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ, అంటే ఇప్పుడు వాట్సాప్‌లేలెండి, ఎలుకల చుట్టూనే తిరిగాయి. ల్యాబ్ జంతువుల డాక్టర్ని అని పోయిన సంచికలో రెండు ముక్కలు రాసుకున్నందుకు వచ్చిన ఫలితం ఇది. కొన్నిటికి పొడుగ్గా చెప్పా, కొన్నిటికి ఒక్క ముక్కతో సరిపెట్టా, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: సార్, నేను ఎం.ఫార్మసీ ఫార్మకాలజీ ఫైనలియర్. ప్రాజెక్టు యాంటీ డయాబెటిక్, అంటే షుగర్ తగ్గించే మందు మీద. విస్టార్ ఎలుకలకి స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చి షుగర్ తెప్పించాలి. కొన్నిటికి 400 దాటింది, కొన్నిటికి అసలు పెరగనే లేదు, కొన్ని తెల్లారేసరికి చచ్చిపోయాయి. ఎలుకలు రెండు చోట్ల నుంచి వచ్చాయి, మగవీ ఆడవీ కలిసే ఉన్నాయి. గైడ్ సారేమో షుగర్ రానివి తీసేసి మిగతా వాటితో కానిచ్చెయ్ అంటున్నారు. ఏం చెయ్యను? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: అమ్మాయ్, ముందు చచ్చిపోయిన వాటి సంగతి చెప్తా, ఎందుకంటే ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరికి ఇది జరుగుద్ది. స్ట్రెప్టోజోటోసిన్ పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని చంపుద్ది కదా, ఆ చచ్చే కణాలు లోపల దాచుకున్న ఇన్సులిన్ అంతా ఒక్కసారే రక్తంలోకి వదిలేస్తాయి, దాంతో షుగర్ పెరగటం దేవుడెరుగు, కొన్ని గంటల్లోనే అడుగంటిపోద్ది. ఆ రాత్రి సీసాలో మామూలు నీళ్ళు పెట్టి హాస్టల్‌కి వెళ్ళిపోతే పొద్దున్నే బిగుసుకుపోయి కనపడతాయి. అందుకే మొదటి రోజు గ్లూకోజు నీళ్ళో పంచదార నీళ్ళో పెడతారు. మీ సీనియర్లు చెప్పలేదా?

ఇక రెండోది, ఆ పొడిని సిట్రేట్ బఫర్‌లో పీహెచ్ 4.5 దగ్గర అప్పటికప్పుడు కలిపి, చల్లగా ఉంచి, గబగబా ఇచ్చెయ్యాలి, నిలవుంటే చెడిపోద్ది. ఒకేసారి కలిపేసుకుని మధ్యలో ఫోన్ మాట్లాడి, టీ తాగొచ్చి, తీరిగ్గా ఒక్కో ఎలుకనే పట్టుకుని పొడుస్తూ పోతే మొదటి ఎలుకకి పడ్డ డోసు చివరి ఎలుకకి పడదు, రికార్డులో మాత్రం రెండిటికీ ఒకటే అంకె ఉంటది. గ్లవ్స్ లేకుండా మాత్రం ఆ పొడి ముట్టుకోవద్దు, అది నీ కణాల్ని కూడా వదలదు.

ఇవన్నీ నువ్వు దిద్దుకోగలిగినవి. అసలు విషయం వేరే ఉంది, అదేంటంటే మీ దగ్గర ఉన్నవి ఒక రకం ఎలుకలు కావు. విస్టార్ అనేది 1906లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైన తెల్ల ఎలుక. అక్కణ్ణుంచి ప్రపంచమంతా పాకింది, వందేళ్ళకి పైగా ఎవరి షెడ్డులో వాళ్ళు పెంచుకుంటూ పోయారు, ఇప్పుడు ఒక బ్రీడర్ విస్టార్‌కీ ఇంకో బ్రీడర్ విస్టార్‌కీ పేరే కామన్. పైగా ఇవి అవుట్‌బ్రెడ్, అంటే కావాలనే రక్తసంబంధం తగ్గించి జతకట్టిస్తారు, కాబట్టి ఒకే షెడ్డులో కూడా ఏ రెండిటి జీన్స్ ఒకటి కావు. దానికి తోడు ఆడ ఎలుకలు ఈ మందుకి మగవాటంత తేలిగ్గా లొంగవు, ఈస్ట్రోజన్ బీటా కణాలకి కొంత కాపలా కాస్తది. రెండు చోట్ల నుంచి తెచ్చిన ఆడా మగా కలిపేసి ఒకే డోసు ఇస్తే ఒకే రిజల్ట్ ఎక్కణ్ణుంచి వచ్చిద్ది చెప్పు?

ఆరోగ్యం సంగతి నువ్వు రాయలేదు, నేనే అడుగుతున్నా. వచ్చాక కనీసం వారం రోజులు కదపకుండా అలవాటు పడనిచ్చారా? కళ్ళ చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రగా మరకలు ఉన్నాయా? చాలామంది అది రక్తం అనుకుని బెదిరిపోతారు, రక్తం కాదు, కంటి వెనకున్న గ్రంథి నుంచి వచ్చే పార్ఫిరిన్ అనే రంగు, ఎలుకకి ఒత్తిడో జబ్బో ఉందని గుర్తు. రాత్రిళ్ళు చెవి పెట్టి వింటే గురకలాగా శబ్దం వస్తే మైకోప్లాస్మా పల్మోనిస్‌ని అనుమానించాలి, ఊపిరితిత్తుల్లో ఏళ్ళ తరబడి కాలనీ మొత్తాన్ని పట్టుకుని ఉండే బ్యాక్టీరియా అది, బోన్లు సరిగ్గా మార్చక అమ్మోనియా పెరిగితే ఇంకా ముదురుద్ది. ఇంకోటి, ఎలుకల గది 18 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాలని మన దేశపు గైడ్‌లైన్స్ చెప్తాయి. మే నెలలో గుంటూరులో కరెంటు పోయి జనరేటర్ ఆన్ అవ్వకపోతే ఆ గది ఎంతకెళ్ళుద్దో నీకు తెలీంది కాదు. అలాంటి ఎలుకలో షుగర్ పెరిగితే మందు వల్ల పెరిగిందా ఉడుకుకి పెరిగిందా?

గైడ్ సార్ చెప్పింది సగం కరెక్టే. షుగర్ రాని వాటిని తీసెయ్యటం అందరూ చేసేదే, కానీ ఎంత దాటితే డయాబెటిక్ అనుకుంటామో ముందే ప్రోటోకాల్‌లో రాసుండాలి, ఎన్ని తీసేశామో ఎన్ని పోయాయో థీసిస్‌లో చెప్పాలి. ఫలితం చూశాక గీత గియ్యటం మోసం. ఎలుకలు చాలకపోతే కాలేజీ ఎథిక్స్ కమిటీకి మళ్ళీ రాసి అనుమతి తీసుకుని ఒకే బ్రీడర్ దగ్గర, ఒకే వయసు మగవి తెచ్చుకో, లేదా రెండూ కావాలంటే ఆడా మగా విడివిడి గ్రూపులు పెట్టు. బ్రీడర్ ఎవరు, వయసు, బరువు, మేత, గది టెంపరేచర్, ఇవన్నీ రాయమని 2010లో వచ్చిన అరైవ్ గైడ్‌లైన్స్ అడుగుతాయి, నెట్‌లో ఫ్రీగా దొరుకుద్ది, గైడ్ సార్‌కి కూడా ఒక ప్రింటు ఇవ్వు, ఏమీ అనరులే.

ప్రశ్న: మా వీధి చివర పెట్ షాపులో తెల్ల ఎలుకలు సగం రేటుకే ఇస్తానన్నాడు. ప్రాజెక్టుకి తెచ్చుకోవచ్చా? (కొరిటెపాడు, గుంటూరు)

జవాబు: వద్దు బాబూ. రిజిస్టర్డ్ బ్రీడర్ దగ్గర తప్ప కొనకూడదు, అది రూలు. రూలు లేకపోయినా వద్దు, వాటి అమ్మానాన్నలెవరో షాపువాడికే తెలీదు, వాటితో పాటు ఏ పురుగొచ్చి మీ యానిమల్ హౌస్ మొత్తానికి అంటుకుంటదో కూడా తెలీదు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. ఎలుకల్లో క్యాన్సర్ తగ్గించారు, ఎలుకల్లో షుగర్ తగ్గించారు అని నెలకోసారి పేపర్లో వస్తది, మనకి మాత్రం పాత మాత్రలే. ఇదంతా ఉత్తుత్తి ప్రచారమేనా? (పటమట, విజయవాడ)

జవాబు: మాస్టారూ, ప్రచారం కొంత, పూర్తిగా కాదు. మీకు ఆసక్తిగా ఉండే సంగతొకటి చెప్తా. ఈ కథ ఒక మాజీ టీచరమ్మ దగ్గర మొదలైంది. అమెరికాలో మసాచుసెట్స్‌లో అబ్బీ లాత్రాప్ అనే ఆవిడ 1900 ప్రాంతంలో ఇంటి దగ్గర సరదాగా పెంచుకునేవాళ్ళకి అమ్మటానికి చిట్టెలుకలు పెంచేది, తర్వాత ల్యాబులవాళ్ళు కూడా కొనటం మొదలెట్టారు. క్లారెన్స్ లిటిల్ అనే ఆయన 1909లో అన్నాచెల్లెళ్ళ ఎలుకల్నే తరం తర్వాత తరం జతకట్టిస్తూ పోయి డీబీఏ అనే మొదటి ఇన్‌బ్రెడ్ రకాన్ని మొదలెట్టాడు. 1921లో లాత్రాప్ దగ్గర్నుంచి వచ్చిన 57వ నంబరు ఆడ ఎలుక సంతానం నుంచి సీ57 బ్లాక్ వంశం మొదలైంది, అందులోంచే తర్వాత బ్లాక్ 6 వచ్చింది, అంటే ఇవాళ మీరు పేపర్లో చదివే నల్ల ఎలుక. అదే లిటిల్ 1929లో జాక్సన్ ల్యాబొరేటరీ పెట్టాడు. 2002లో చిట్టెలుక జీనోమ్, అంటే జీన్స్ మొత్తం, చదివినప్పుడు కూడా చదివింది ఈ బ్లాక్ 6 నే.

ఇరవై తరాలు అలా అన్నాచెల్లెళ్ళని కలిపితే దాదాపు 99 శాతం జీన్స్ అన్ని ఎలుకల్లోనూ ఒకటే అయిపోతాయి. నూజివీడులో ఒకే చెట్టుకి కట్టిన అంట్లతో తోట మొత్తం వేసినట్టు. ప్రయోగానికి అది వరం, తేడా వస్తే మందు వల్లే వచ్చిందని ధైర్యంగా చెప్పొచ్చు. కానీ ఒక చెట్టుకి పనిచేసిన ఎరువు జిల్లాలోని మామిడి చెట్లన్నిటికీ పనిచేస్తదని ఎవరూ పూచీ ఇవ్వలేరు కదా. పేపర్లో వచ్చే ‘ఎలుకల్లో తగ్గింది’ అంటే చాలాసార్లు ఒక్క వంశంలో తగ్గింది అని. ఆ వంశంలో కూడా చీలికలున్నాయి, 1951లో కొన్ని బ్లాక్ 6 ఎలుకల్ని జాక్సన్ నుంచి అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్‌కి పంపారు, తర్వాత చూస్తే జాక్సన్ వైపు వాటికి ఎన్ఎన్‌టీ అనే జీన్ సగంలో తెగిపోయి ఇన్సులిన్ విడుదల తగ్గింది, ఎన్ఐహెచ్ వైపు వాటికి కంటి రెటీనాలో లోపం వచ్చింది. షుగర్ మీద ప్రయోగం చేసేవాడు ఏ బ్లాక్ 6 వాడాడో రాయకపోతే ఆ పేపర్ని నేను పక్కన పెట్టేస్తా.

వంశం తేడా ఒకటైతే జబ్బు తేడా ఇంకోటి. 1990ల మొదట్లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏ మందూ ఇవ్వని కంట్రోల్ ఎలుకలకి కూడా లివర్ వాపు, ట్యూమర్లు రావటం మొదలైంది. వెతగ్గా వెతగ్గా అప్పటిదాకా ఎవరికీ తెలియని బ్యాక్టీరియా దొరికింది, హెలికోబ్యాక్టర్ హెపాటికస్ అని పేరు పెట్టారు. అది కనపడకుండా ఉండుంటే ఆ ట్యూమర్లన్నీ ఏదో ఒక కెమికల్ నెత్తిన పడేవి. ఇక మందులు రాకపోవటమంటారా, 1950లో జాక్సన్ వాళ్ళు బయటపెట్టిన ఒక లావు చిట్టెలుక వల్లే 1994లో ఆకలిని అదుపులో పెట్టే లెప్టిన్ హార్మోన్ దొరికింది, కాబట్టి ఎలుకల్ని మరీ తీసిపారెయ్యకండి.

ప్రశ్న: మా బయోటెక్ ల్యాబ్‌లో తెల్ల చిట్టెలుకల్ని నీళ్ళ తొట్టెలో వదిలి మెమరీ టెస్టు చేస్తాం. మందు ఇచ్చినవీ ఇవ్వనివీ రెండూ దారి కనుక్కోలేకపోతున్నాయి. తొట్టె తప్పా? (భవానీపురం, విజయవాడ)

జవాబు: తొట్టె కాదు, కళ్ళు చూసుకోండి. ఆ టెస్టులో గోడల మీద గుర్తులు చూసి మునిగున్న దిమ్మె ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి. సీ3హెచ్, ఎఫ్‌వీబీ లాంటి రకాలకి పీడీఈ6బీ జీన్‌లో లోపం వల్ల పాలు మరిచే వయసుకే చూపు పోద్ది, కొన్ని స్విస్ ఎలుకల్లో కూడా అదే జీన్ తిరుగుతా ఉంటది. గుడ్డిదానికి మెమరీ టెస్టు పెట్టి మతిమరుపు అని రాసేస్తారు పాపం. దిమ్మె మీద జెండా పెట్టి, కనపడేటట్టు చేసి ఒకసారి వదలండి. అప్పుడు కూడా వెళ్ళలేకపోతే చూపే అసలు సమస్య. చెవుల సంగతి కూడా అంతే, బ్లాక్ 6 కి వయసు పెరిగే కొద్దీ చెవుడు వచ్చిద్ది, శబ్దంతో చేసే టెస్టుల్లో అది గుర్తుపెట్టుకోవాలి.

ప్రశ్న: వినాయకుడి వాహనం అని దణ్ణం పెట్టేదీ మనమే, సూదులు పొడిచేదీ మనమే. మీకేం అనిపించదా డాక్టరుగారూ? (లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: అనిపిస్తదమ్మా. అనిపించనివాణ్ణి ఆ గదిలోకి రానివ్వకూడదు. 1960 జంతు హింస నివారణ చట్టం కిందే ఈ ప్రయోగాల మీద అజమాయిషీ కమిటీ ఉంది, ప్రతి సంస్థలో ఎథిక్స్ కమిటీ ఉంటది, అందులో బయటివాళ్ళు కూర్చుంటారు. 2014లో కాస్మెటిక్స్ కోసం జంతువుల మీద టెస్టులు మన దేశంలో నిషేధించారు, 2023లో కొత్త మందుల రూల్స్ మార్చి జంతువులు లేని పద్ధతులకి కూడా దారి తెరిచారు. తగ్గుతున్నాయి, ఇంకా తగ్గాలి. నాకు ఎక్కువ కోపం వచ్చేది ఎక్కడంటే, జబ్బు ఎలుకల మీద ప్రయోగం చేసి, ఫలితం పనికిరాదని తేలాక మళ్ళీ ఇంకో వంద తెప్పించే దగ్గర.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా అమ్మాయికి హైదరాబాద్‌లో జీనోమ్ వ్యాలీ వైపు ఒక కంపెనీ యానిమల్ హౌస్‌లో ఉద్యోగం వచ్చింది. ఎలుకల జబ్బులు అంటుకుంటాయేమోనని ఇంట్లో అందరం భయపడుతున్నాం. సంబంధాలు కూడా చూస్తున్నాం. (సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: చెల్లెమ్మా, భయం అటు వైపు ఎక్కువ. మంచి యానిమల్ హౌస్‌లో మీ అమ్మాయి స్నానం చేసి, బట్టలు మార్చుకుని, మాస్కూ గ్లవ్సూ వేసుకుని లోపలికి వెళ్ళేది ముందు ఎలుకల్ని కాపాడటానికే. కొన్నిటికి, 1962లో గ్లాస్గోలో కనపడ్డ వెంట్రుకలు లేని న్యూడ్ ఎలుకల్లాంటి వాటికి, రోగాల్ని ఎదుర్కొనే కణాల్ని తయారుచేసే థైమస్ గ్రంథే ఉండదు, మన చర్మం మీద ఊరికే ఉండే బ్యాక్టీరియా కూడా వాటికి ప్రాణం మీదకి తెస్తది. ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టో జ్వరం లాంటి వాటికి మన కాలవగట్టు పందికొక్కుల దగ్గర భయపడాలి, పరీక్షలు చేసి పెంచిన కాలనీల్లో ఆ భయం చాలా తక్కువ. అక్కడ ప్రతి గదిలో కాపలా ఎలుకలని కొన్ని ఉంటాయి, మిగతా బోన్లలో మురికైన పొట్టు వీటి బోనులో వేస్తా ఉంటారు, కొన్ని నెలలకోసారి వీటి రక్తం, పేడ టెస్టు చేస్తే గదిలో మౌస్ హెపటైటిస్ వైరస్ ఉందా, నులిపురుగులున్నాయా అని తెలిసిపోద్ది. చూడబోతే మనకంటే వాటికే హెల్త్ చెకప్ ఎక్కువ.

నిజంగా చూసుకోవాల్సింది అలర్జీ. ఎలుక మూత్రంలో ఉండే ప్రోటీన్లు ఎండి గాల్లోకి లేచి కొంతమందికి తుమ్ములు, కళ్ళు దురద, ముదిరితే ఆస్తమా తెప్పిస్తాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే అమ్మాయిని చేరేముందే చెప్పమనండి. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించండి, కరిస్తే దాచిపెట్టకుండా రిపోర్టు చెయ్యమనండి. ఇంట్లో హామ్‌స్టర్లు, తెల్లెలుకలు పెంచకూడదు, అక్కడి జీవాలకి ఇక్కడి క్రిములు మోసుకెళ్తది. సంబంధానికి ఇవేవీ అడ్డం కాదు, నిర్భయంగా చూసుకోండి.

ప్రశ్న: అన్నీ అమెరికా ఎలుకలేనా? మన సొంత రకం ఏదీ లేదా సార్? (ఇంటర్ బైపీసీ, మంగళగిరి)

జవాబు: ఎందుకు లేదు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్, ఉంది కదా, 1918లో కూనూరులో మొదలై తర్వాత హైదరాబాద్ వచ్చింది. వాళ్ళ విస్టార్ కాలనీలోనే 1990ల్లో ఎవరూ ఏమీ చెయ్యకుండా జీన్ దానంతటదే మారి విపరీతంగా లావెక్కే ఎలుకలు పుట్టాయి, డబ్ల్యుఎన్ఐఎన్ ఓబీ అని పేరు. అందులోనే గ్లూకోజు సరిగ్గా తట్టుకోలేని ఇంకో రకం జీఆర్ ఓబీ. లావు ఎలుకలకి పిల్లలు పుట్టవు, అందుకని ఆ జీన్ ఒక్క కాపీ ఉన్న క్యారియర్ జంటల్ని కలుపుతారు, పుట్టినవాటిలో సుమారు పావు వంతు లావు, సగం క్యారియర్లు, పావు మామూలు. మీ టెక్స్ట్‌బుక్‌లో మెండెల్ బఠానీల లెక్కే. పరీక్షలో ఉదాహరణ అడిగితే బఠానీలకి బదులు ఇది రాసి చూడు, మార్కులు పడతాయో లేదో నాకు రాయి.