పికప్ వెనక కమాన్ పట్టీలు తీయిస్తే తప్పా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. పాల క్యాన్లు తోలడానికి ఆరు నెలల కింద లోన్ మీద పికప్ తీసుకున్నాను. తొట్టి ఎత్తుగా ఉంది, నలభై లీటర్ల క్యాన్ ఎత్తిపెట్టేసరికి నడుము పోతోంది. వెనక కమాన్ కట్టల్లో (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టల్లో) రెండేసి పట్టీలు తీసేస్తే తొట్టి కిందికి దిగుతుందని, ఆర్‌సీలో ఏమీ మారదు కాబట్టి ఆర్టీవో అనుమతి అక్కర్లేదని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: సగం నిజం. తొట్టి నేల నుంచి ఎంత ఎత్తుండాలో ఆర్‌సీలో రాయరు. కానీ లోడుతో కలిపి బండి ఎంత బరువు ఉండొచ్చో రాస్తారు. కంపెనీ ఆ అంకె ఇచ్చింది కట్టలోని పట్టీలన్నీ ఉన్నాయన్న లెక్కతోనే. పట్టీలు తీశాక అంకె అలాగే ఉంటుంది, మోసే సత్తా ఉండదు.

తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. మార్పంటే బండి మూల లక్షణం మారేలా నిర్మాణాన్ని మార్చడం అని అందులోనే వివరణ ఉంది. పట్టీలు తీయడం దాని కిందికి రాదని మీ తరఫున నేను వాదించగలను, గెలుస్తానని మాత్రం మాటివ్వలేను. 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన కేసులో, తయారీదారు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చేసింది. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ. కుడి కట్ట ఒకటి, ఎడమ కట్ట ఇంకొకటి అని లెక్కగట్టే అధికారి తగలకూడదని కోరుకోవాలి!

నాకు జరిమానా కన్నా బ్రేకుల గురించే భయం. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక చిన్న కడ్డీ ఉంటుంది, అది ఒక వాల్వ్‌కు తగిలి ఉంటుంది. లోడు పడి తొట్టి దిగితే వెనక చక్రాలకు బ్రేకు బలం పెంచడం ఆ వాల్వ్ పని. పట్టీలు తీసేస్తే ఖాళీ బండినే లోడు బండి అనుకుంటుంది. వాన రోడ్డు మీద ఖాళీ క్యాన్లతో వస్తూ గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రాలు లాక్ అయి బండి అడ్డం తిరగొచ్చు. పైగా వెనక దిగితే ముందు లేస్తుంది, హెడ్‌లైటు ఎదుటివాడి కళ్లలో కొడుతుంది.

ప్రమాదం జరిగితే ఎదుటివారికి ఇవ్వాల్సిన థర్డ్ పార్టీ పరిహారాన్ని ఇన్సూరెన్స్ కంపెనీ ఎగ్గొట్టడం కష్టం. అదే చట్టం 150వ సెక్షన్‌లో కంపెనీ చెప్పుకోగల అభ్యంతరాల జాబితా ఉంది, బండి మార్పు అందులో నేరుగా లేదు. మీ బండి డ్యామేజీ సంగతి వేరు. బండిని సరైన కండిషన్‌లో ఉంచాలన్న షరతు పాలసీలోనే ఉంటుంది, నష్టం లెక్కగట్టే సర్వేయర్ బండి కిందికి దూరి ఫొటో తీస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడ్డట్టే. షరతు మీరినా, ఆ తప్పుకూ నష్టానికీ సంబంధం లేని దొంగతనం కేసులో క్లెయిమ్‌లో 75 శాతం ఇప్పించడాన్ని సుప్రీంకోర్టు 2008లో సమర్థించింది. బోల్తా పడ్డ బండికి ఆ మాట చెప్పుకోవడం కష్టం. లోన్ అగ్రిమెంటు కూడా ఒకసారి చదవండి, ఫైనాన్స్ వాళ్లకు చెప్పకుండా బండిని మార్చకూడదన్న షరతు మామూలుగా ఉంటుంది.

నడుము నొప్పికి చవకైన దారి ఉంది. క్యాన్లు ఎక్కించే చోట తొట్టి ఎత్తుకు సిమెంటు దిమ్మె కట్టించుకోండి, లేదా విడిగా పెట్టి తీసే ఇనుప ర్యాంపు చేయించండి. ర్యాంపును బండికి వెల్డింగ్ చేయించొద్దు, చేయిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఈ జవాబు చేరేలోపే పట్టీలు తీయించేసి ఉంటే, వాటిని పాత ఇనుము వాడికి అమ్మకండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో తిరిగి వేయించి, బిల్లు తీసుకుని ఆర్‌సీతో పాటు దాచండి. రెండేళ్లకు ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్లినప్పుడు తనిఖీలో ఆ కట్టలనూ చూడొచ్చు.