స్విఫ్ట్‌లో రాసిన నా ఐఫోన్ యాప్ కోడ్ పెట్టాను. డీఇనిట్‌లో డెలిగేట్‌ని (కబుర్లు అందుకునే ఆబ్జెక్ట్‌ని) నిల్, అంటే ఖాళీ, చేసినా వ్యూ కంట్రోలర్ (ఒక స్క్రీన్‌ని నడిపే ఆబ్జెక్ట్) మెమరీలోంచి పోవట్లేదు, ఎందుకు?

డీఇనిట్ అంటే ఆబ్జెక్ట్ పోయే ముందు నడిచే కోడ్, అది అసలు నడిస్తే కదండీ! ఆబ్జెక్ట్‌ని స్ట్రాంగ్‌గా, అంటే పోనివ్వకుండా, పట్టుకున్నవాళ్లు ఒక్కరూ మిగలనప్పుడే అది నడుస్తుంది. ఆ పట్టు వదిలించే లైనునే డీఇనిట్‌లో రాయడమంటే, తాళంచెవి ఇంట్లో పెట్టి బయట తాళం వేసుకోవడమే. ముందు అక్కడో ప్రింట్ పెట్టి, బ్యాక్ నొక్కి చూడండి. ప్రింట్ పడకపోతే మీ నిల్ లైను ఉన్నా లేనట్టే.

మరి పాత కోడ్‌లో ఆ లైను అంతటా ఎందుకుంటుంది? 2011లో ఐఓఎస్ 5తో ఏఆర్‌సీ (మెమరీ లెక్కలు కంపైలరే చూసుకునే పద్ధతి) వచ్చింది, వీక్ రిఫరెన్సులూ (ఆబ్జెక్ట్‌ని పట్టుకోవు, అది పోగానే వాటంతటవే నిల్ అవుతాయి) వచ్చాయి. కానీ ఆపిల్ స్క్రీన్ లైబ్రరీ యూఐకిట్‌లో, లిస్టు చూపే టేబుల్ వ్యూ డెలిగేట్ మాత్రం ఐఓఎస్ 9 దాకా అసైన్‌గానే ఉండిపోయింది. అంటే ఆబ్జెక్ట్‌ని పట్టుకోదు, అది పోయినా అడ్రస్ వదలదు. అప్పట్లో నా చేతికొచ్చిన ఒక ఆబ్జెక్టివ్ సీ యాప్‌లో, లిస్టుని గట్టిగా తోసి, అది ఇంకా జారుతుండగానే బ్యాక్ నొక్కితే ఢమాల్! కంట్రోలర్ పోయింది, ఆ లిస్టు మాత్రం పాత అడ్రస్‌కే కబుర్లు పంపుతోంది. నింపాదిగా వాడే టెస్టర్‌కి ఇది జన్మలో దొరకదు. జాంబీ ఆబ్జెక్ట్స్ (పోయిన ఆబ్జెక్ట్‌ని వాడితే పట్టిచ్చే సెట్టింగ్) ఆన్ చేశాకే క్లాసు పేరు బయటపడింది. అలాంటి చోట డీఅలాక్‌లో (ఆబ్జెక్టివ్ సీలో డీఇనిట్ లాంటిది) నిల్ చేయడమే మందు. ఇప్పుడు మీ సొంత ప్రోటోకాల్‌కి ఎనీఆబ్జెక్ట్ (క్లాసులకు మాత్రమే అనే షరతు) తగిలించి, వీక్ వార్ అని రాసుకుంటే చాలు.

మీరు పెట్టిన కోడ్‌లో అసలు దొంగ యూఆర్‌ఎల్ సెషన్, అంటే నెట్ నుంచి డౌన్‌లోడ్లు చేసే ఆబ్జెక్ట్. దానికి డెలిగేట్‌గా సెల్ఫ్, అంటే కంట్రోలర్‌నే, ఇచ్చారు, ఆ సెషన్‌ని మళ్లీ కంట్రోలర్ ప్రాపర్టీలో దాచుకున్నారు. సెషన్ తన డెలిగేట్‌ని స్ట్రాంగ్‌గానే పట్టుకుంటుంది. నిల్ చేద్దామన్నా కుదరదు, ఆ ప్రాపర్టీ రీడ్ ఓన్లీ. డౌన్‌లోడ్ పూర్తవనివ్వాలంటే ఫినిష్‌టాస్క్స్‌అండ్‌ఇన్‌వాలిడేట్, మధ్యలోనే ఆపేయాలంటే ఇన్‌వాలిడేట్‌అండ్‌క్యాన్సిల్ పిలవండి. ఆ తర్వాత అదే సెషన్ మీద కొత్త టాస్క్ పెట్టడానికి వీల్లేదు. అందుకే నేనైతే సెషన్‌ని కంట్రోలర్‌లో ఉంచను, విడిగా ఒక డౌన్‌లోడర్ క్లాసుకి అప్పగిస్తాను.

ఇన్‌వాలిడేట్‌ని వ్యూడిడ్‌డిసప్పియర్‌లో (స్క్రీన్ కనుమరుగయ్యాక నడిచే కోడ్‌లో) పెట్టమని చాలామంది చెబుతారు. నాకది నచ్చదు. పైన ఫుల్ స్క్రీన్‌లో ఇంకో పేజీ తెరిచినా అది నడుస్తుంది, వెనక్కి వచ్చేసరికి సెషన్ చచ్చి ఉంటుంది. పెట్టక తప్పదంటే ఈజ్‌మూవింగ్‌ఫ్రమ్‌పేరెంట్ (స్క్రీన్‌ని నిజంగా తీసేస్తున్నారా అని చెప్పేది) చూసి పెట్టండి.

సెషన్ సంగతి తేలాక కూడా ప్రింట్ పడకపోతే టైమర్, డిస్‌ప్లే లింక్ (స్క్రీన్ రిఫ్రెష్‌తో పాటు నడిచే టైమర్) చూడండి. రెండూ టార్గెట్‌ని, అంటే తాము పిలవాల్సిన ఆబ్జెక్ట్‌ని, పట్టుకుంటాయి. యానిమేషన్ క్లాసు సీఏఎనిమేషన్ డెలిగేట్ కూడా స్ట్రాంగే. వెబ్ పేజీ చూపే డబ్ల్యూకే వెబ్ వ్యూకి స్క్రిప్ట్ మెసేజ్ హ్యాండ్లర్‌గా (పేజీ పంపే కబుర్లు అందుకునేదిగా) సెల్ఫ్ ఇచ్చినా అదే తంతు. దానికి మధ్యలో చిన్న క్లాసు ఒకటి పెట్టి, అందులో కంట్రోలర్‌ని వీక్‌గా దాచుకోండి.

ఇంకా తేలకపోతే స్క్రీన్‌లోకి వెళ్లి బయటికొచ్చి, ఎక్స్‌కోడ్‌లో (ఆపిల్ యాప్‌లు రాసే టూల్) మెమరీ గ్రాఫ్, అంటే ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చూపే బొమ్మ, తీయండి. ఎడమపక్క మీ కంట్రోలర్ పేరు కనిపిస్తే నొక్కి, దానివైపు వచ్చే ముదురు గీతలు చూడండి, అవే స్ట్రాంగ్ రిఫరెన్సులు. ఆ స్క్రీన్‌షాట్ ఇక్కడ పెడితే మిగతాది చూద్దాం.