‘అమ్మా’ అని పిలిచింది

తమ్ముడూ,

నీ కథ చదివాను. మొదటి పేజీలోనే ‘భయంకరమైన’ రెండుసార్లు, ‘గగుర్పొడిచే’ ఒకసారి. కొరియన్ కథల ప్రభావం అన్నావు కాబట్టి వాటి దగ్గరికే వెళ్దాం.

బోరా చుంగ్ సంపుటి ‘కర్స్‌డ్ బన్నీ’, ఆంటన్ హర్ ఇంగ్లీషు చేసింది, 2022లో ఇంటర్నేషనల్ బుకర్ తుది జాబితాకెక్కింది. అందులో ‘ద హెడ్’ తియ్యి. టాయిలెట్లోంచి ఒక తల పైకొచ్చి ఒకామెను ‘అమ్మా’ అంటుంది. ఆమె వదిలిన మలం, రాలిన జుట్టు, తుడిచి పారేసిన కాగితం, వాటితో తయారైన తల. ఆమె కెవ్వుమనదు. కాసేపు చూసి ఫ్లష్ నొక్కి బయటికొచ్చేస్తుంది. పెన్సిల్ పట్టుకుని భయాన్ని చెప్పే మాటల కింద గీతలు పెట్టుకుంటూ పో. పెన్సిల్‌కి పెద్దగా పనుండదు.

ఇప్పుడు అదే ఘట్టం తెలుగులో రాసి చూడు. ఇంగ్లీషులో ఆమె ‘షి’, తల ‘ఇట్’, మధ్యలో గోడ. మనకా గోడ లేదు. ఆమే చూసింది, తలా చూసింది. కర్త తీసేసి ‘కాసేపు చూసింది’ అంటే ఎవరు ఎవర్ని చూశారో చదివేవాడికి అరక్షణం తెలీదు. కొరియన్‌లోనూ కర్తను వదిలెయ్యడం మామూలే. ఇంగ్లీషు వెంటపడి ప్రతి వాక్యంలో ‘ఆమె’, ‘అది’ అతికించావంటే చేతికందింది పారేసుకున్నట్టే. అలాగని వరసగా నాలుగైదు వాక్యాలు వదిలేస్తే తికమక తప్ప వణుకు రాదు.

ఇంకోటి, తల ఆమెను ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా? ఇంగ్లీషు ‘యూ’ చెప్పదు. నేనైతే ‘మీరు’ అనిపిస్తాను. దొడ్లోంచి లేచింది మర్యాదగా మాట్లాడితేనే ఒళ్లు జలదరిస్తుంది.

హ సంగ్‌నన్ ‘ఫ్లవర్స్ ఆఫ్ మోల్డ్’ కూడా చదువు, జానెట్ హాంగ్ అనువాదం. ఒకడు ఇరుగుపొరుగు చెత్తసంచులు ఇంటికి మోసుకొచ్చి విప్పి చూస్తాడు. 1995లో కొరియా అంతటా చెత్త పారెయ్యాలంటే డబ్బిచ్చి ప్రత్యేకమైన సంచి కొనాలన్న పద్ధతి వచ్చింది. మున్సిపాలిటీ నిబంధనలోంచి కథ మొలిచింది, చూడు.

నీ కథలో మనుషులు కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లో ఉన్నారు, దయ్యం మాత్రం ఊళ్లో పాడుబావిలో ఉంది. ఎందుకు? కింద సంప్ ఉందిగా. మోటర్ ఎవరు వేస్తారు, ట్యాంకరు డబ్బుల దగ్గర ఏ ఫ్లాటువాళ్లు ఎగ్గొట్టారు, రాత్రి మూత ఎవరు తెరిచి మర్చిపోయారు, ఇవి నీకు తెలుసు. బావి గురించి నీకు సినిమాలు చెప్పిందే తెలుసు.

శాపం ఎలా తగిలిందో పూజారి వివరించే ఆ పేజీన్నర కొట్టెయ్. పాత్రలకు కొరియన్ పేర్లు కూడా వద్దు. సంప్ మూత ఒక్కడు ఎత్తగలడో, ఇద్దరు కావాలో కనుక్కుని, మళ్లీ రాసి పంపు.