కరెంటు ముచ్చట్లు: షట్టర్ తనంతట తనే ఎందుకు లేచింది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ, రిటైర్డ్ టీచర్ని. ఇంటి కింద కారు పెట్టే గదికి మోటారు షట్టర్ ఉంది. రిమోట్‌కు ఒకటే బటన్. నొక్కితే లేస్తుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది, ఇంకోసారి నొక్కితే దిగుతుంది. డాలస్‌లో ఉండే మా అబ్బాయి తన గ్యారేజీ తలుపు ఫోన్‌తోనే తీస్తాడు. మనమూ పెట్టుకుందాం నాన్నా అంటే, లైట్లకు స్మార్ట్ స్విచ్‌లు పెట్టినాయనతోనే దీనికీ ఒకటి పెట్టించాం. ఫోన్‌లో ఒకసారి నొక్కితే పనిచేస్తుంది, రెండోసారి చేయదు, మూడోసారి చేస్తుంది. షట్టర్ మూసి ఉన్నా ఫోన్ ‘ఆన్’ అనే చూపిస్తుంది. మొన్న రాత్రి కరెంటు పోయి వచ్చాక షట్టర్ దానంతటదే పైకి లేచింది. తెల్లారేదాకా కారు గది బార్లా తెరిచే ఉంది. ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. ఏం చేయాలి?

జవాబు: సార్, నమస్తే. మీ ఎలక్ట్రీషియన్ లైటుకు పెట్టినట్టే దీనికీ పెట్టాడు. షట్టర్ మాత్రం లైటు లాంటిది కాదు, బాయికాడి మోటారు లాంటిది. నేను ఈ పని నేర్చుకున్నదే నల్లగొండ చుట్టుపక్కల బోరు స్టార్టర్లు విప్పుతూ. స్టార్టర్ మీద పచ్చ బటన్ ఒక్కసారి నొక్కి వదిలేస్తాం కదా. వేలు తీసినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, లోపల కాంటాక్టర్ పట్టుకుని ఉంటుంది కాబట్టి. మీ షట్టర్ మోటారును నడిపే సర్క్యూట్ బోర్డు కూడా అంతే, దానికి క్షణకాలం నొక్కు చాలు. మీ స్మార్ట్ స్విచ్ ఆ బటన్‌ను నొక్కి, వేలు తీయకుండా అట్లాగే కూర్చుంటోంది. మీరు రెండోసారి ఫోన్ నొక్కినప్పుడు అది చేసేది వేలు తీయడమే. షట్టర్ కదలదు. మూడోసారికి మళ్లీ నొక్కుతుంది.

దీనికి కొత్త సామాను అక్కర్లేదు. స్విచ్ యాప్‌లో ‘ఇంచింగ్’ అనో ‘ఆటో ఆఫ్’ అనో ఉంటుంది, అంటే నొక్కిన కాసేపటికి తనే వేలు తీసేయడం. అందులో 1 సెకను పెట్టండి.

ఇక రాత్రి సంగతి. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చేది, లేచి పోలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగేది. ఆ తర్వాత వాటిని తీసేయండని ప్రభుత్వమే ఊరూరా చెప్పించింది. మీ స్విచ్‌లో అదే ఆటో స్టార్టర్ దాక్కుని ఉంది. ‘పవర్ ఆన్ స్టేట్’ అనే సెట్టింగ్ చూడండి. ‘ఆన్’ అనో, ‘ముందున్నట్టే’ అనో ఉంటుంది. కరెంటు రాగానే అది బటన్ నొక్కింది, షట్టర్ లేచింది. దాన్ని ‘ఆఫ్’కు మార్చండి. తర్వాత మెయిన్ దించి, ఎత్తి, షట్టర్ ముందు నిలబడి ఓసారి చూసుకోండి. ఈ పని ఈ రోజే చేయండి, మిగతావి వారం తర్వాతైనా ఫర్వాలేదు.

మీ బోర్డు కాలిపోలేదంటే మీవాడు డ్రై కాంటాక్ట్ రిలేనే వాడాడన్నమాట. అంటే రెండు వైర్లను కలిపి విడదీస్తుంది, తన కరెంటు అందులోకి పంపదు. ఈ తేడా తెలియక కాల్చుకున్న బోర్డులు నా దగ్గర మూడున్నాయి. బటన్ టెర్మినల్‌లో ఉండేది 12 లేదా 24 వోల్టులు, అందులోకి 230 పోతే ఇంకేముంది! కొనేటప్పుడు పేరు జాగ్రత్తగా చదవాలి. షెల్లీ కంపెనీ స్మార్ట్ స్విచ్‌లనే చూడండి, షెల్లీ 1 అయితే డ్రై కాంటాక్ట్, షెల్లీ 1పీఎం అయితే ఫేజ్, అంటే ఆ 230 వోల్టులే, బయటికి వస్తుంది. చూడటానికి రెండూ అన్నదమ్ములే.

ఫోన్ ఎప్పుడూ ‘ఆన్’ చూపించడానికి కారణం, దానికి తన స్విచ్ సంగతే తెలుసు, షట్టర్ సంగతి తెలియదు. మీరు రిమోట్‌తో మూసినా దానికి కబురు అందదు. అందుకు మ్యాగ్నెట్ సెన్సర్ కావాలి. షట్టర్ అడుగు పట్టీకి అయస్కాంతం, పక్క ఫ్రేమ్‌కు సెన్సర్. చెక్క తలుపులకు వాడే తెల్ల ప్లాస్టిక్‌ది తేవద్దు, ఇనుము మీద సరిగా పట్టదు, పైగా షట్టర్ గాలికి ఊగితే తెరిచి ఉందని అబద్ధం చెబుతుంది. బంగారం కొట్ల షట్టర్లకు దొంగల అలారం కోసం బిగిస్తారే, ఆ బరువైన అల్యూమినియం రకం అడగండి. ఇంట్లోని స్మార్ట్ సామానంతా ఒకేచోట నడిపే హోమ్ అసిస్టెంట్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడుతుంటే, షట్టర్‌ను ‘స్విచ్’గా కాక ‘కవర్’గా, అంటే తలుపులు, షట్టర్ల రకంగా పెట్టించండి. అప్పుడు తెరిచిందా మూసిందా అన్నది సెన్సర్ చెప్పినట్టే కనిపిస్తుంది.

మీ అబ్బాయికి ఒక మాట. మీకు తెల్లారేటప్పటికి వాడికి అక్కడ సాయంత్రం, సోఫాలో కూర్చుని షట్టర్ దించుతాడు. కింద ఏముందో వాడికెట్లా తెలుస్తుంది? అమెరికాలో 1993 నుంచి తయారయ్యే గ్యారేజీ మోటార్లకు, దిగే తలుపుకు అడ్డం వస్తే వెనక్కి పోయే ఏర్పాటు తప్పనిసరి. మనిషి ఎదురుగా లేకుండా మూస్తే ముందు లైటు వెలిగి బీప్ మోగాలి. మన షట్టర్లకు ఎవరైనా అడిగితేనే ఫొటో సెన్సర్, అంటే కాంతి కిరణానికి ఏదైనా అడ్డం వస్తే పసిగట్టేది, పెడతారు. నేనూ మా ఇంట్లో ‘తర్వాత చూద్దాం’ అనుకున్నవాడినే. ఓ రోజు క్లాక్‌టవర్ దగ్గర చాయ్ తాగుతూ ఫోన్‌లో షట్టర్ మూశాను. గుమ్మం మీద మా ఆవిడ స్కూటీ ఉంది. అద్దం విరిగింది, హ్యాండిల్ వంగింది, షట్టర్ పట్టీలు రెండు లొట్టపోయాయి. ఆ అద్దం ముక్క ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది, నాకు కనబడేలాగా. నేల నుంచి జానెడు ఎత్తులో ఫొటో సెన్సర్ పెట్టించి, దాని వైర్లు షట్టర్ బోర్డుకే ఇప్పించండి. ఫోన్‌ను, వైఫైని నమ్ముకునే పని కాదది. అది బిగించేదాకా దూరం నుంచి తీయడం వరకే, మూయడం వద్దు.

ప్రశ్న: జడ్చర్లలో మా ఇల్లు హైవే పక్కనే. కారు దగ్గరికి రాగానే గేటు దానంతటదే తెరుచుకునేలా ఫోన్ లొకేషన్‌తో పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చమ్మా, కానీ మీ ఇంటికి వద్దు. హైదరాబాద్ నుంచి కర్నూలు పోతూ మీరు బస్సులో ఇంటి ముందు నుంచి దాటినా గేటు తెరుచుకుంటుంది. దగ్గరికి రాగానే ‘గేటు తీయాలా?’ అని ఫోన్ అడిగేలా పెట్టించుకోండి. అవును అని నొక్కేది మీరే.

ప్రశ్న: రిమోట్ ఒకటి దేవరకొండ బస్టాండులో పోయింది. బోర్డు మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. చాలా బోర్డుల మీద ‘లెర్న్’ బటన్ ఉంటుంది. కొంతసేపు నొక్కి పట్టుకుంటే పాత రిమోట్లన్నీ చెరిగిపోతాయి. ఎంతసేపన్నది మీ బోర్డు కాగితంలో చూడండి. తర్వాత ఉన్న రిమోట్లను మళ్లీ నేర్పించండి. కొత్త రిమోట్ కొంటే మాత్రం, బోర్డుకు పనికొచ్చేదైతే, ‘రోలింగ్ కోడ్’ది అడగండి. నొక్కినప్పుడల్లా దాని కోడ్ మారుతుంది. మామూలు రకానికి నకలు చేయడం బస్టాండు పక్కన తాళంచెవి చేయించుకున్నంత తేలిక.