వైజాగ్ నుంచి డాలస్ దూరం, గ్లోబు మీద దారంతో

వైజాగ్ నుంచి డాలస్ ఎన్ని కిలోమీటర్లు, విమానంలో ఎన్ని గంటలు, మొదటిసారి వెళ్తున్న అమ్మానాన్నలు తట్టుకోగలరా అని అడిగారు. రెండేళ్ల కిందట అమ్మాయి పురిటికని నేనూ మా ఆవిడా వెళ్లొచ్చాం, అందుకే రాస్తున్నాను.

తిన్నగా కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. బడిలో ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి, అంకె చదివి ఊరుకోలేక అటక మీది గ్లోబు దించి నల్లదారం పట్టి చూశాను. దారం పడమటికి పోలేదండీ, నిటారుగా ఉత్తరానికి పోయింది! వైజాగ్ 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద. కలిపితే 180. రేఖాంశాల లెక్కన మనం భూమికి ఇవతల, వాళ్లు సరిగ్గా అవతల. అందుకే ఆ దారం కాశీ పక్కగా, హిమాలయాలు దాటి, సైబీరియాలో నోవోసిబిర్స్క్ మీదుగా ఉత్తర ధ్రువం చేరి, అక్కణ్ణుంచి కెనడాలో విన్నిపెగ్ మీదుగా డాలస్‌కి దిగింది. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, "అయితే కాశీ దారిలోనే ఉందన్నమాట" అంది.

ఆ దారిన విమానం లేదు. ఉంటే గంటకు 900 కిలోమీటర్ల లెక్కన 16 గంటలు. మేం హైదరాబాద్, దుబాయ్ మీదుగా వెళ్లాం. హైదరాబాద్‌కి గంటంపావు, అక్కణ్ణుంచి దుబాయ్‌కి 4 గంటలు, దుబాయ్ నుంచి డాలస్‌కి 16 గంటలు. మూడూ కలిపి దాదాపు 16,000 కిలోమీటర్లు. గాల్లో ఉండేది 21 గంటల పైచిలుకే, మధ్యలో ఆగడాలతో ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి 30 గంటలు దాటింది. తిరుగు ప్రయాణంలో ఎగువ గాలి పడమటి నుంచి తూర్పుకి తోస్తుంది కాబట్టి పెద్ద విమానం కాస్త ముందే చేరుతుంది.

టికెట్ మీద టైములు చూసి తీసివేత చేయకండి, అవి ఏ ఊరి టైము ఆ ఊరిదే. దుబాయ్‌లో పొద్దున ఎక్కితే డాలస్‌లో అదే రోజు మధ్యాహ్నం దిగుతారు. మనకీ వాళ్లకీ చలికాలంలో 11 గంటల 30 నిమిషాలు, వేసవిలో 10 గంటల 30 నిమిషాలు తేడా.

అన్నిటికన్నా ముఖ్యం, వైజాగ్ నుంచి డాలస్ దాకా ఒకే టికెట్ తీయండి. డబ్బు కలిసొస్తుందని మేం హైదరాబాద్ దాకా విడిగా తీశాం. దేశం లోపలి విమానంలో 15 కిలోలే అన్నారు, మిగతా బరువుకి కౌంటర్ దగ్గర కట్టాం. వానకి ఆ విమానం రెండు గంటలు ఆలస్యం. శంషాబాద్‌లో పెట్టెలు తీసుకుని మళ్లీ లైన్లో నిలబడేసరికి కౌంటర్ మూసేశారు. రెండు టికెట్లూ వేరు కాబట్టి బాధ్యత ఎవరిదీ కాలేదు. మర్నాటికి మార్చుకోవడానికి అయిన ఖర్చు, మిగిలిందనుకున్న దానికి మూడింతలు. ఒకే టికెట్ అయితే వైజాగ్‌లో వేసిన పెట్టె తిన్నగా డాలస్‌లోనే వస్తుంది. ట్యాగ్ మీద డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్ విమానాశ్రయం గుర్తు) అని ఉందో లేదో నాన్నగారిని అక్కడే చూసుకోమనండి.

తట్టుకోగలరా అంటే, మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, తట్టుకుంది. నడవా పక్క సీటు ముందే ఎంచి, గంటన్నరకోసారి లేపి వెనకదాకా నడిపించాను. దుబాయ్‌లో గేట్ల మధ్య నడక చాలా ఎక్కువ, టికెట్ తీసేటప్పుడే ఇద్దరికీ వీల్‌చైర్ అడగండి. దానికి విడిగా డబ్బు తీసుకోరు, ఇమిగ్రేషన్ దాటేదాకా మనిషి తోడుంటాడు.