బేస్ తేటగా వినబడాలంటే ముందు ఏం తగ్గించాలి?

వాద్యం - సాధన: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది ఆరుగురి ఆర్కెస్ట్రా. కీబోర్డు, ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్లు, లీడ్ గిటారు, బేస్ గిటారు, ఇద్దరు గాయకులు. పెళ్లిళ్లకీ, వినాయకచవితి పందిళ్లకీ వాయిస్తుంటాం. రిహార్సల్‌లో బేస్ బాగానే వినిపిస్తుంది. స్టేజీ ఎక్కాక మాత్రం మోత తప్ప స్వరం తెలియడం లేదు. నా యాంప్ 30 వాట్లు. పెద్దది కొనాలా? - ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: ఇప్పుడే కొనకండి. మోత ఉంది, స్వరం లేదు అంటున్నారంటే శబ్దం చాలక కాదు. కింది స్థాయిలో మీవాళ్లు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. బేస్‌లో లావుగా ఉండే నాలుగో తీగను నొక్కకుండా మీటితే 41 హెర్ట్జ్‌లో పలుకుతుంది. మైక్ సెట్ వాళ్లు తెచ్చే పై బాక్సుల్లో చాలావాటికి ఆ స్థాయి అందదు, సబ్‌లు (కింది స్వరాల కోసం వేరుగా ఉండే పెద్ద బాక్సులు) పెడితేనే వస్తుంది. నిజానికి చెవి ఆ స్వరాన్ని పోల్చుకునేది 82, 123 హెర్ట్జ్ దగ్గరా, ఆ పైనా దాంతోపాటు మోగే నాదాల వల్లే. అందుకే బేస్ నాబ్ తిప్పినకొద్దీ స్పీకర్ కోన్ ఊగుతుంది గానీ స్వరం తేటపడదు.

మొదట చూడాల్సింది కీబోర్డు. స్టైల్స్ (ముందే నింపి ఉంచిన తాళం, వాద్యాల వరసలు) పెట్టి వాయించే కీబోర్డు అయితే ఆ స్టైల్ లోపలే ఒక బేస్ వరస ఉంటుంది. మీరొకటి, అదొకటి వాయిస్తుంటే రెండూ బురదైపోతాయి. స్టైల్ భాగాల్లో బేస్ ఒక్కదాన్నే ఆఫ్ చేసే వీలు చాలా కీబోర్డుల్లో ఉంది. రిథమ్, కార్డ్స్ అలాగే ఉంచి దాన్ని ఆపించండి. ఎడమచేతితో కింది స్వరాలు పట్టడం మీ కీబోర్డు ఆయనకు అలవాటైతే, ఆ చేతిని ఒక స్థాయి పైకి జరపమని అడగండి. ఇది కాస్త నొచ్చుకునే విషయమే. రిహార్సల్‌లోనే తేల్చుకోవాలి, స్టేజీ మీద కాదు.

తర్వాత ప్యాడ్లు. కిక్ (పెద్ద డ్రమ్) శబ్దం ధమ్మని వచ్చి సాగుతూ ఉంటే మీ స్వరం మొదలు దాని కింద కప్పబడిపోతుంది. డికే (శబ్దం సాగే సమయం) తగ్గించి పొట్టిగా కొట్టే కిక్ ఎంచుకోమనండి. ఇక పాడేవాళ్ల మైకులు. మిక్సర్‌లో ప్రతి మైకు చానల్‌కీ లో-కట్ బటన్ ఉంటే నొక్కించండి. అది 80 నుంచి 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తుంది. గొంతుకు అక్కడ పని లేదు. మైకులోకి దూరే స్టేజీ మోతా, గాలి హోరూ మాత్రం అక్కడే ఉంటాయి.

ఇవన్నీ అయ్యాకే మీ సొంత టోన్ ముట్టుకోండి. బేస్ నాబ్ మధ్యలో ఉంచి, 250 హెర్ట్జ్ చుట్టూ రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి, 700 నుంచి 1000 మధ్య అంతే పెంచండి. ఒక్కరే గదిలో వింటే ఈ టోన్ గరుకుగా, ముక్కుతో పలికినట్టు అనిపిస్తుంది. బృందం మధ్యలో వేలి స్పర్శను వినిపించేది అదే. టైల్స్ పరిచిన పొడవాటి కల్యాణమండపాల్లో కింది స్వరాలు గోడలకు తగిలి చాలాసేపు తిరుగుతాయి. అక్కడ స్వరాన్ని సాగదీయకండి. ఎడమచేతి వేలిని తీగ మీంచి పూర్తిగా ఎత్తకుండా ఒత్తిడి మాత్రం వదిలితే స్వరం శుభ్రంగా ఆగుతుంది. వాడని తీగల మీద కుడిచేతి బొటనవేలు ఆనించి ఉంచండి, లేకపోతే అవి వాటంతట అవే మోగుతాయి.

యాంప్ సంగతి: ప్యాడ్లకు సొంత శబ్దం ఉండదు కాబట్టి మీ చెవికి వినిపించడానికి 30 వాట్లు దాదాపు సరిపోతుంది. నిజమైన డ్రమ్ సెట్ పెట్టుకుంటే చాలదు, 150 వాట్ల పైమాటే కావాలి. జనానికి వినిపించే పని మిక్సర్‌ది. గిటార్ కేబుల్‌ని నేరుగా మైక్ ఇన్‌పుట్‌లో పెట్టకండి. బేస్ పికప్ (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) కోరే ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అడ్డు, సుమారు పది లక్షల ఓమ్‌లు, మైక్ ఇన్‌పుట్‌లో ఉండేది ఒకటి రెండు వేలే. స్వరం జీవం లేకుండా, మందంగా వస్తుంది. మధ్యలో డీఐ బాక్సు (ఈ తేడాను సర్దే చిన్న పెట్టె) పెట్టి, అక్కడ్నించి ఎక్స్ఎల్ఆర్ కేబుల్‌తో (మైకుకు వాడే కేబుల్‌తో) పంపండి. బేస్‌లో బ్యాటరీ లేకపోతే యాక్టివ్ డీఐ, ఉంటే పాసివ్ అయినా చాలు. యాక్టివ్ డీఐకి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ గానీ, లోపల బ్యాటరీ గానీ ఉండాలి. డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే ముందు దీని మీద పెట్టండి.

ప్రశ్న: విజయనగరంలో పైడితల్లమ్మ పండగ రోజుల్లో వీధి స్టేజీ మీద వాయించాం. జనరేటర్ మీదికి మారగానే హమ్ (గుంయ్ మనే మోత) మొదలైంది. తీగలు పట్టుకుని మైకుకు పెదవి ఆనిస్తే చురుక్కున షాక్ కొట్టింది. యాంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేస్తే హమ్ పోతుందని ఒకరు సలహా ఇచ్చారు. - ఒక పాఠకుడు, నెల్లిమర్ల

జవాబు: ఆ సలహా వినకండి. ప్రాణం తీసే సలహా అది. మీ తీగలు బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) ద్వారా యాంప్ చాసిస్‌కు (లోహపు చట్రానికి), మైకు జాలీ మిక్సర్ చాసిస్‌కు కలిసి ఉంటాయి. రెంటికీ ఎర్త్ సరిగ్గా ఉంటే వాటి మధ్య వోల్టేజీ ఉండకూడదు. షాక్ కొట్టిందంటే ఒకదానికి ఎర్త్ లేదన్నమాటే. వాయించడం ఆపి, ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి ఒక మొన మైకు జాలీకి, ఇంకోటి బేస్ బ్రిడ్జికి ఆనించి చూడండి. ఒకటి రెండు వోల్టులు దాటితే ఆ స్టేజీ ఎక్కకండి. జనరేటర్‌కు ఎర్త్ రాడ్ పాతారా, న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపారా అన్నది కూడా అడగాలి. ఆ కలపడం లేకపోతే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపే స్విచ్) పెట్టినా అది పడదు. వానలో తడిసిన స్టేజీ మీద ఇది మరీ ముఖ్యం.

హమ్ వేరే సంగతి. బేస్ వాల్యూమ్ సున్నా చేసినా హమ్ ఉంటే తప్పు గిటారులో కాదు. యాంప్, మిక్సర్ రెండు వేర్వేరు పాయింట్ల నుంచి కరెంటు తీసుకుంటే ఎర్త్‌కు రెండు దారులు ఏర్పడి 50 హెర్ట్జ్ గుంయ్ మంటుంది. రెండింటికీ ఒకే బోర్డు నుంచి లాగండి. అప్పటికీ పోకపోతే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేయండి. అది సిగ్నల్ కేబుల్ ఎర్త్‌ను మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ను ముట్టుకోదు. సీరియల్ లైట్లకు వేరే లైను ఇప్పించండి. కరెంటు వైరును, సిగ్నల్ కేబుల్‌ను పక్కపక్కన పరవకుండా అడ్డంగా దాటించండి.

ప్రశ్న: మా ఇల్లు కళింగపట్నం తీరానికి దగ్గర. తీగలు నెల తిరక్కుండా తుప్పు పడుతున్నాయి. వానాకాలం వస్తే కొన్ని ఫ్రెట్ల (నెక్ మీది లోహపు మెట్ల) దగ్గర గరగర. - ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తుప్పుకు ఉప్పుగాలితోపాటు చేతి చెమట కూడా కారణం. వాయించిన వెంటనే పొడి నూలుగుడ్డతో ఒక్కో తీగను పైనా కిందా తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన కేసులో పెట్టండి. పూత ఉన్న కోటెడ్ తీగలు ఖరీదెక్కువ, కానీ సముద్రం పక్కన లెక్కేస్తే అవే చవక. కొత్త తీగను కత్తిరించే ముందు కోయాల్సిన చోట లంబకోణంలో వంచి, ఆ వంపు దాటాక కోయండి. నేరుగా కోస్తే పైన చుట్టిన తీగ సడలి స్వరం చచ్చిపోతుంది.

గరగరకు ముందు నెక్ వంపు కొలవాలి. చెమ్మకు చెక్క కదులుతుంది, ఎటు కదిలిందో కొలిస్తేనే తెలుస్తుంది. తీగలన్నీ శ్రుతిలో ఉంచి, నాలుగో తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కండి. ఎనిమిదో ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు సుమారు 0.3 మిల్లీమీటర్లు, అంటే ఒక విజిటింగ్ కార్డు దూరేంత ఉండాలి. సందు లేక, మొదటి ఐదు ఫ్రెట్ల దగ్గరే గరగరమంటే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీని) ఎడమవైపుకు పావు చుట్టు వదులు చేయండి. సందు ఎక్కువైతే కుడివైపుకు పావు చుట్టు బిగించండి. ఒకసారికి పావు చుట్టే. కొన్ని గంటలు ఆగి, మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ కొలవండి. గట్టిగా అడ్డుకుంటే బలం పెట్టకండి, రాడ్ తెగితే నెక్కే పోతుంది. నెక్ బాగుండి అన్ని ఫ్రెట్ల దగ్గరా గరగర ఉంటే బ్రిడ్జి దగ్గర తీగ ఎత్తు పెంచాలి. పన్నెండో ఫ్రెట్ మీద లావు తీగకు 2.5, సన్న తీగకు 2 మిల్లీమీటర్లు మంచి మొదలు. ఒకే ఒక్క ఫ్రెట్ దగ్గరైతే ఆ ఫ్రెట్ లేచింది.

ప్రశ్న: లేచిన ఫ్రెట్‌ను బొబ్బిలిలో వీణలు చేసేవారి దగ్గర సరిచేయించవచ్చా? - ఒక పాఠకుడు, రాజాం

జవాబు: పనసచెక్కతో వారు చేసే పని గొప్పది, కానీ ఇది వేరే పని. వీణ మెట్లను మైనంలో నిలబెడతారు, వేడి చేసి జరపవచ్చు. గిటారు ఫ్రెట్‌ను చెక్కలో కోసిన గాడిలోకి దిగ్గొడతారు. దానికి ఫ్రెట్ ఆకురాయి, నిటారు స్కేలు ఉన్న గిటారు మెకానిక్కే కావాలి. బాడీ చెక్క పగిలితే మాత్రం వీణలు చేసే చేతులను నిశ్చింతగా నమ్మవచ్చు.

ప్రశ్న: గాయని శ్రుతి ఐదున్నర, గాయకుడిది ఒకటిన్నర. కీబోర్డు ఆయన ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే బటన్) నొక్కి అవే కార్డులు వాయిస్తాడు. నేను తడబడుతున్నాను. - ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: ఆయన వేళ్లు చూసి వాయించకండి. ట్రాన్స్‌పోజ్ మూడు పెంచి సీ కార్డు పట్టుకుంటే మోగేది రెండున్నర శ్రుతి. ప్రతి పాటకూ శ్రుతి అంకె అడిగి కాగితం మీద రాసుకోండి. షడ్జమం ఎక్కడుందో తెలిస్తే చాలు. నాలుగో తీగ మీద 1వ ఫ్రెట్ నాలుగు శ్రుతి, 3 ఐదు, 4 ఐదున్నర, 5 ఆరు. మూడో తీగ మీద 3వ ఫ్రెట్ ఒకటి, 4 ఒకటిన్నర, 5 రెండు, 6 రెండున్నర. నొక్కకుండా మీటే తీగల్ని వాడకపోతే ఆకారం ఎక్కడైనా ఒకటే: స ఉన్న ఫ్రెట్‌కు రెండు ఫ్రెట్లు పైన, పక్కనున్న సన్న తీగ మీద ప. అదే ఫ్రెట్‌లో దాని పక్క తీగ మీద తారస్థాయి స. స మూడో తీగ మీద ఉంటే దాని పక్కనే, లావుగా ఉండే నాలుగో తీగ మీద అదే ఫ్రెట్‌లో మంద్ర ప. ఒకటి నుంచి రెండున్నర వరకు ఉండే పాటలే ఎక్కువైతే ఐదు తీగల బేస్ ఆలోచించండి. అందులో లావు తీగ మీద 1వ ఫ్రెట్టే ఒకటి శ్రుతి.

ప్రశ్న: నా యాక్టివ్ బేస్‌లో (బ్యాటరీతో పనిచేసేది) కొత్త 9 వోల్టుల బ్యాటరీ వారానికే అయిపోతోంది. - ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: కేబుల్ జాక్‌లోనే వదిలేస్తున్నారు. యాక్టివ్ బేస్‌లో ప్లగ్గు పెట్టడమే స్విచ్. వాయించడం అయ్యాక కేబుల్ తీసేయండి. తీసినా అయిపోతుంటే జాక్ లోపలి రేకు వంగి షార్ట్ అవుతోంది, మార్పించండి. ప్రోగ్రాం మధ్యలో స్వరం చిట్లినట్టు, వాల్యూమ్ తగ్గుతున్నట్టు ఉంటే బ్యాటరీ అయిపోతున్నట్టే. కేసులో ఒకటి స్పేర్ ఉంచుకోండి.