సాల్వెంట్ వాసన అలవాటైపోయింది, తలనొప్పి మాత్రం వదలడం లేదు... ఎందుకు?

ప్రశ్న: నా వయసు 23. బీఎస్సీ కెమిస్ట్రీ చేశాను. విశాఖ వైపు పరవాడ దగ్గర ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీ ప్రొడక్షన్ బ్లాకులో ట్రైనీగా చేరి రెండు నెలలైంది. రియాక్టర్ ఛార్జింగ్ (రసాయనాలు కలిపే పెద్ద పాత్రలో సరుకు వేయడం), సెంట్రిఫ్యూజ్ అన్‌లోడింగ్ (గిరగిరా తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రంలోంచి పొడి తీయడం) నా పని. ఎక్కువగా వాడే సాల్వెంట్లు (రసాయనాలను కరిగించే ద్రవాలు) ఎండీసీ, టోలీన్, మెథనాల్. అప్పుడప్పుడు డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్). షిఫ్ట్ చివర్లో తల బరువెక్కుతుంది. ఇంటికొచ్చాక నొప్పి ఇంకా పెరుగుతుంది, వికారంగా ఉంటుంది. వీక్లీ ఆఫ్ రోజు బాగానే ఉంటాను. ఎన్95 మాస్కు, నీలం రంగు గ్లవ్స్ వేసుకుంటాను. అయినా వేళ్లు పగులుతున్నాయి. క్లినిక్‌లో వేలికి ఆక్సీమీటర్ పెట్టి 98 ఉంది, ఏమీ లేదన్నారు. మొదట్లో వాసన భరించలేకపోయేవాడిని, ఇప్పుడు తెలియడం లేదు. ‘అలవాటైపోతుందిలే, రోజూ పాలు తాగు’ అంటున్నారు సీనియర్లు. ఇది షిఫ్టుల వల్ల వచ్చే తలనొప్పేనా?

జవాబు: షిఫ్టులు మారినప్పుడు నిద్ర చాలక తల నొప్పి పుట్టడం మామూలే. కానీ మీరు రాసిన మూడు విషయాలు కలిపి చూస్తే ముందు అనుమానించాల్సింది సాల్వెంట్లనే: షిఫ్ట్ చివర మొదలవడం, ఇంటికొచ్చాక పెరగడం, సెలవు రోజు తగ్గడం. అందులోనూ రెండోది ఎండీసీ వైపు వేలు చూపిస్తోంది.

ఎండీసీ (డైక్లోరోమీథేన్) దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది. విశాఖ ఎండల్లో డ్రమ్ము మూత తీస్తే చాలు, ఆవిరి లేస్తుంది. ఊపిరితో లోపలికి వెళ్లిన దాంట్లో కొంత భాగాన్ని మన కాలేయం కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. అవును, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే ప్రాణం తీసే వాయువు అదే. పైగా ఎండీసీ కొవ్వులో చేరి నెమ్మదిగా బయటికొస్తుంది కాబట్టి, మీరు గేటు దాటాక కూడా కొన్ని గంటలపాటు ఒంట్లో ఈ తయారీ సాగుతూనే ఉంటుంది. ఇంటికెళ్లాక నొప్పి పెరగడానికి ఇదే కారణం కావచ్చు.

ఇక ఆక్సీమీటర్ సంగతి. అది రక్తం ఎరుపును చూసి లెక్క కడుతుంది. ఆక్సిజన్ పట్టుకున్న హీమోగ్లోబిన్‌కీ, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్‌కీ మామూలు ఆక్సీమీటర్‌కు తేడా తెలియదు. రెండూ కలిపి 98 చూపిస్తుంది. కాబట్టి ఆ అంకెను చూసి ధైర్యపడకండి. చేయించాల్సింది ‘కార్బాక్సీ హీమోగ్లోబిన్’ పరీక్ష, అంటే కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్ ఎంత శాతమో చూసేది. పెద్ద ఆస్పత్రుల్లో బ్లడ్ గ్యాస్ మిషన్లకు కో-ఆక్సీమెట్రీ (ఆ రెండు రకాల హీమోగ్లోబిన్‌నూ విడదీసి కొలిచే సదుపాయం) ఉంటుంది. ఉందో లేదో అడిగి మరీ వెళ్లండి. సిరలోంచి తీసిన రక్తం చాలు. ఎప్పుడు తీశారన్నదే ముఖ్యం: ఎండీసీతో పని చేసిన రోజున, షిఫ్ట్ దిగిన ఒకటి రెండు గంటల్లో ఇవ్వాలి. సెలవు మర్నాడు పొద్దున ఇస్తే అంతా నార్మల్ వస్తుంది, డబ్బు దండగ. పొగ తాగనివారిలో ఇది సాధారణంగా 3 శాతంలోపే ఉండాలి. సిగరెట్ అలవాటుంటే మామూలుగానే 5 నుంచి 10 శాతం దాకా ఉండొచ్చు, దానిమీద ఎండీసీ అదనం. మీకు ఆ అలవాటు ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

వాసన తెలియకపోవడం ఒళ్లు తట్టుకోవడం కాదు, ముక్కు అలసిపోవడం. వాసన నరాలు కొంతసేపటికి స్పందించడం మానేస్తాయి, ఆవిరి మాత్రం అంతే లోపలికి పోతుంది. ఎండీసీ విషయంలో ముక్కు మొదటినుంచీ నమ్మదగింది కాదు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 8 గంటల పనికి పెట్టిన హద్దు 25 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 25 భాగాలు). చాలామందికి వాసన తెలిసేది అంతకు ఎన్నో రెట్లు ఉన్నప్పుడే. అంటే వాసన తగిలిందంటే అప్పటికే హద్దు దాటినట్టు.

ఇప్పుడు మీ మాస్కు. ఎన్95 పొడిని ఆపుతుంది. ఏపీఐ (మందులోని అసలు పదార్థం) పౌడర్ అన్‌లోడ్ చేసేటప్పుడు దానికి పనుంది, ఆవిరికి అది జల్లెడే. ఆవిరికి వాడేది బొగ్గు కార్ట్‌రిడ్జ్ ఉన్న రబ్బరు మాస్కు. అందులోనూ మెలిక ఉంది. గోధుమ రంగు పట్టీ ఉన్న ‘ఏ’ రకం కార్ట్‌రిడ్జ్ టోలీన్‌కు సరిపోతుంది, ఎందుకంటే టోలీన్ 110 డిగ్రీల దగ్గర మరుగుతుంది, బొగ్గు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. 65 డిగ్రీల లోపే మరిగే ఎండీసీ, మెథనాల్ లాంటివి ఆ బొగ్గు మీద నిలవవు, త్వరగా జారి ఇవతలికి వచ్చేస్తాయి. వాటికి యూరప్ ప్రమాణాల్లో ‘ఏఎక్స్’ అనే రకం ఉంది, అదీ ఒక్క షిఫ్టుకే. ఎండీసీకి సరైనది బయటి నుంచి శుభ్రమైన గాలి వచ్చే ఎయిర్‌లైన్ మాస్కు. మీ బ్లాకులో ఉందేమో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని అడగండి. చాలాచోట్ల అది స్టోర్‌లో ప్యాకింగ్ కూడా విప్పకుండా ఉంటుంది.

రబ్బరు మాస్కు పెట్టుకున్న ప్రతిసారీ రెండు అరచేతులతో కార్ట్‌రిడ్జ్‌లు మూసి గాలి లోపలికి లాగండి. మాస్కు ముఖానికి అతుక్కుని పది సెకన్లు అలాగే ఉండాలి. వదులైతే ఎక్కడో గాలి దూరుతోంది. గడ్డం ఉంటే సీల్ పడదు, రెండు రోజుల గడ్డమైనా సరే. పని అయ్యాక కార్ట్‌రిడ్జ్‌ను జిప్ కవర్‌లో మూసి పెట్టండి. బ్లాకులో కొక్కేనికి వేలాడదీస్తే రాత్రంతా అది గదిలో ఆవిరి పీల్చి, పొద్దున మీరు పెట్టుకునేసరికే నిండిపోయి ఉంటుంది.

నీలం గ్లవ్స్ నైట్రైల్ అయి ఉంటాయి. పలుచటి నైట్రైల్‌ను ఎండీసీ కొన్ని నిమిషాల్లోనే దాటుతుంది. చినుగు కనపడదు, గ్లవ్ బాగానే ఉన్నట్టుంటుంది, లోపల వేలు చల్లగా తగులుతుంది. ఆ చల్లదనం తెలిసిందంటే సాల్వెంట్ లోపలికి వచ్చేసినట్టే, వెంటనే తీసేయండి. ఎండీసీకి ప్లాస్టిక్ లామినేట్ గ్లవ్ లోపల వేసుకుని, పట్టు కోసం పైన నైట్రైల్ వేసుకోవచ్చు. పీవీఏ గ్లవ్స్ కూడా ఆపుతాయి కానీ నీళ్లు తగిలితే కరిగిపోతాయి. డీఎంఎఫ్‌కు బ్యూటైల్ రబ్బరు కావాలి. డీఎంఎఫ్‌ను తేలిగ్గా తీసుకోవద్దు, అది చర్మంలోంచి ఇంకి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. డీఎంఎఫ్ సోకిన రోజుల్లో కొంచెం మద్యం తాగినా ముఖం ఎర్రబడి గుండె దడదడలాడుతుంది. అలా జరిగితే మద్యం పడలేదని సరిపెట్టుకోకండి, డీఎంఎఫ్ ఒంట్లోకి వెళ్లిందనడానికి అదో గుర్తు.

వేళ్ల పగుళ్లకు కారణం సాల్వెంట్ చర్మంలోని నూనెను లాగేయడం. చేతులకు అంటిన మరకను ఎసిటోన్‌తో కడిగే అలవాటుంటే ఇవాళే మానండి. సబ్బు నీళ్లతో కడిగి, డ్యూటీ దిగాక పెట్రోలియం జెల్లీ రాయండి. పగిలిన చర్మంలోంచి సాల్వెంట్ మరింత సులువుగా లోపలికి పోతుంది కాబట్టి ఇది అందం కోసం కాదు.

మాస్కు, గ్లవ్స్ చివరి రక్షణ మాత్రమే. అసలు పని ఆవిరిని పుట్టిన చోటే లాగేయడం. రియాక్టర్ మ్యాన్‌హోల్ (మూత ఉండే పెద్ద రంధ్రం) దగ్గర ఎగ్జాస్ట్ గొట్టం ఉంటే దాన్ని అంచుకు ఆనించండి. 6 అంగుళాల గొట్టాన్ని 6 అంగుళాల దూరంలో పెడితే గాలి లాగే వేగం సుమారు పదో వంతుకు పడిపోతుంది. అరగజం దూరంలో వేలాడే గొట్టం ఉన్నా లేనట్టే. సాల్వెంట్‌ను బకెట్లతో పోయకుండా పైపులైన్‌లో ఎక్కించమని అడగండి. ఎండీసీ ఆవిరి గాలికంటే దాదాపు మూడు రెట్లు బరువు, నేల మీద, గుంటల్లో పేరుకుంటుంది. కింద కూర్చుని టిఫిన్ బాక్స్ విప్పే చోటు కూడా చూసుకోండి. ఉక్కపోతకు ఇంటి టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టొద్దు. టోలీన్, మెథనాల్ ఉన్నచోట దాని స్విచ్ నిప్పురవ్వ చాలు.

తలనొప్పికి సంబంధం లేకపోయినా ఒకటి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే కొత్తవాళ్లు ప్రాణం పోగొట్టుకునేది ఇక్కడే. రియాక్టర్‌లో నైట్రోజన్ ఉంటుంది. దానికి వాసన లేదు, ఊపిరాడని బాధా ఉండదు. ఆ బాధ పుట్టించేది ఒంట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్‌లో అది ఎప్పటిలాగే బయటికి పోతూంటుంది. లోపల పౌడర్ అంటుకుందేమోనని మ్యాన్‌హోల్లోకి తల వంచి చూస్తే రెండు మూడు శ్వాసల్లో స్పృహ పోవచ్చు. ఆక్సిజన్ 19.5 శాతం పైన ఉందని మీటరుతో కొలిచి, పర్మిట్ రాసి, బయట మనిషి కాపలా ఉంటే తప్ప తల పెట్టొద్దు. లోపల ఎవరైనా పడిపోయినా వెంటనే దూకొద్దు. కాపాడబోయినవాళ్లు కూడా పోయిన సంఘటనలు ఎన్నో.

ప్రతి రసాయనానికీ ఎస్డీఎస్ (సేఫ్టీ డేటా షీట్) అనే 16 భాగాల పత్రం ఉంటుంది. అంతా చదవలేకపోతే 4వ భాగం ప్రథమ చికిత్స, 8వ భాగం ఏ మాస్కు, ఏ గ్లవ్ అన్నది, 10వ భాగం దేనితో కలిస్తే ప్రమాదమో చూడండి. కంట్లో పడితే ఐవాష్ దగ్గర రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 15 నిమిషాలు కడగాలి, కాస్టిక్ సోడా పడితే ఇంకా ఎక్కువసేపు. ఆస్పత్రికి కడిగాకే వెళ్లాలి. మెథనాల్ ఎక్కువగా పీల్చినా, ఒంటి మీద పడినా ఆ రోజు ఏమీ అనిపించకపోవచ్చు. 12 నుంచి 24 గంటల తర్వాత చూపు మసకబారితే క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లి, ముందుగా ‘మెథనాల్’ అనే మాట చెప్పండి.

పాలు తాగండి, మంచి ఆహారం. కానీ అవి సాల్వెంట్‌ను కడగవు, సిమెంటు పనివాళ్లు తినే బెల్లం ఊపిరితిత్తుల్లో దుమ్మును కడగనట్టే.

ఇప్పుడు చేయాల్సింది: రెండు వారాలు చిన్న పుస్తకంలో ఏ రోజు ఏ సాల్వెంట్, ఎన్ని గంటలు, నొప్పి ఎప్పుడు మొదలైందో రాయండి. పైన చెప్పిన రక్తపరీక్షతోపాటు లివర్ ఫంక్షన్ టెస్ట్, సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించండి. చేరినప్పుడు కంపెనీ చేయించిన మెడికల్ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి, తేడా వచ్చిందో లేదో తేలేది దానితో పోల్చినప్పుడే. జీతం నెలకు 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. పనిలో ప్రమాదం జరిగితే, చేరింది నిన్ననే అయినా ఆ ప్రయోజనం ఉంటుంది, కనీసం ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. యూనిఫాం ఇంటికి తెచ్చి చంటిపిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

ఈలోగా డ్యూటీలో తల తిరిగినా, ఛాతీ పట్టేసినట్టున్నా, మాట తడబడినా బ్లాకులోంచి బయటి గాలిలోకి రండి, ఒంటరిగా రావద్దు, పక్కవారికి చెప్పి రండి. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టమనండి. ఎండీసీలో పని చేస్తున్నానని చెబితే ఆక్సీమీటర్‌లో 98 చూసి మిమ్మల్ని ఇంటికి పంపరు.